యురేనియం ఇరుసు: ఒక అణువు ఆకారమూ, మన మూత్రపిండమూ



శ్రీరాంపూర్‌లో నాతోపాటు ఉదయపు నడకకు వచ్చేవారిలో ఎక్కువమంది బొగ్గు గనులలో పనిచేసి విరమించినవారే. కొన్ని వారాల క్రితం వారిలో ఒకాయన రక్తపరీక్ష కాగితం తెచ్చి నా చేతిలో పెట్టాడు. క్రియాటినిన్ 2.1 ఉంది. "బొగ్గుల యురేనియం ఉంటదట గద సారూ, బూడిదల ఇంకా ఎక్కువుంటదట. నా కిడ్నీలు గందుకే ఖరాబైనయా?" అని అడిగాడు. ఎవరో ఫోనులో పంపిన సందేశం చూపించాడు. పొరుగునే జైపూర్‌లో 1200 మెగావాట్ల విద్యుత్ కేంద్రం ఉంది. గోదావరి ఆవల రామగుండం ఉంది. బూడిద మాకు కొత్త కాదు. అందువల్ల ఆయన ప్రశ్నను నవ్వి తోసివేయలేకపోయాను.

తోసివేయలేకపోవడానికి మరొక కారణమూ ఉంది. యురేనియం మూత్రపిండానికి విషమన్న మాట వదంతి కాదు. మేము వైద్యవిద్య చదివే రోజులలో పుస్తకాలలో 'యురేనియం నెఫ్రైటిస్' అనే మాట కనబడేది. ప్రయోగశాలలో కుక్కకో, కుందేలుకో మూత్రపిండాన్ని బుద్ధిపూర్వకంగా పాడుచేసి పరిశీలించదలచినవారు యురేనియం నైట్రేట్ సూది వేసేవారు. అంత నమ్మకంగా పనిచేసే విషం అది. ఆ విషం గుండెనో కాలేయాన్నో వదలి మూత్రపిండాన్నే ఎందుకు ఎంచుకుంటుందన్న ప్రశ్న అప్పట్లో నాకు తోచలేదు. పరీక్షలో అడగరు కదా! దాని సమాధానం రేడియో ధార్మికతలో లేదు. ఒక అణువు ఆకారంలో ఉంది. ఆ కథ రెండు శతాబ్దాల పొడవు సాగి, చివరకు మన కడప జిల్లా దాకా వస్తుంది.

1789లో బెర్లిన్‌లో మార్టిన్ క్లాప్రోత్ అనే రసాయన శాస్త్రవేత్త పిచ్‌బ్లెండ్ అనే నల్లని ఖనిజం నుంచి ఒక కొత్త పదార్థాన్ని వేరుచేశాడు. దానికి అంతకు కొన్నేళ్ల ముందే కనుగొనబడిన యురేనస్ గ్రహం పేరు పెట్టాడు. అది లోహమనే ఆయన నమ్మాడు, లోకమూ నమ్మింది. యాభై రెండేళ్ల తరువాత, 1841లో, పారిస్‌లో యూజెన్ పెలిగో ఆ నమ్మకాన్ని తలక్రిందులు చేశాడు. క్లాప్రోత్ లోహమనుకున్నది నిజానికి ఒక ఆక్సైడ్. ఒక యురేనియం పరమాణువు, రెండు ఆక్సిజన్ పరమాణువులు కలిసిన జంట. ఆ జంట ఎంత గట్టిదంటే, ఒక లవణం నుంచి మరొక లవణంలోకి మారినా విడిపోకుండా ఒకే మూలకం వలె ప్రవర్తిస్తుంది. అందుకే అర్ధశతాబ్దం పాటు ఎవరూ పోల్చుకోలేకపోయారు. ఆ ముగ్గురు పరమాణువుల కూటమికి పెలిగో 'యురానిల్' అని పేరు పెట్టాడు. ఈ వ్యాసంలో కథానాయకుడు, ప్రతినాయకుడు కూడా ఆ యురానిలే.

వైద్యులు ఆ పదార్థాన్ని వదలలేదు. 1850ల తొలినాళ్లలో ఫ్రాన్స్‌లో లెకాంట్ అనే ఆయన కుక్కలకు కొద్దికొద్దిగా యురేనియం నైట్రేట్ ఇచ్చి, వాటి మూత్రంలో చక్కెర కనబడడం గమనించాడు. మూత్రంలో చక్కెర అంటే మధుమేహమే అనుకునే కాలం అది. విషం చక్కెరను తెప్పిస్తే, స్వల్పమోతాదు చక్కెరను తగ్గిస్తుందన్న విపరీత తర్కంతో ముందు హోమియో వైద్యులు, ఆపై అల్లోపతి వైద్యులు మధుమేహ రోగులకు యురేనియం ఇవ్వసాగారు. 1895లో లండన్ వైద్యుడు శామ్యూల్ వెస్ట్ ఆ చికిత్స గురించి వైద్య పత్రికలో వ్రాశాడు. ఫ్రాన్స్‌లోనైతే మధుమేహానికి మందుగా యురేనియం కలిపిన ద్రాక్షసారాయమే సీసాలలో అమ్మేవారు.

ఈనాటి వైద్యవిద్యార్థి ఎవరైనా లెకాంట్ పొరపాటును చెప్పగలడు. ఆ కుక్కలకు మధుమేహం రాలేదు. రక్తంలోని చక్కెర మూత్రపిండపు వడపోతలో క్రిందికి దిగుతుంది. ఆ వెంటనే ఉండే సమీప నాళిక దాన్ని తిరిగి పీల్చి రక్తానికి అప్పగిస్తుంది. ఆ నాళిక కణాలు దెబ్బతింటే రక్తంలో చక్కెర మామూలుగా ఉన్నా మూత్రంలోకి కారిపోతుంది. లెకాంట్ చూసినది మధుమేహాన్ని కాదు, యురేనియం చేసిన గాయాన్ని. ఇన్సులిన్ రాకపూర్వం దిక్కుతోచని రోగులకు ఆ గాయాన్నే మందుగా ఇచ్చారు. మా వృత్తి చరిత్రలో ఇటువంటి పుటలు చాలా ఉన్నాయి. వాటిని దాచుకోవడం కంటె చదువుకోవడం మేలు.

ఇప్పుడు ఆకారం సంగతి. 1935లో ఫాంకుచెన్ సోడియం యురానిల్ ఎసిటేట్ స్ఫటికాన్ని ఎక్స్‌రే కిరణాలతో పరిశీలించాడు. ఆపై రెండవ ప్రపంచ యుద్ధకాలంలో షికాగోలో జకరాయాసెన్ ఈ కుటుంబపు సమ్మేళనాలను పదులకొద్దీ పరిష్కరించాడు. వాటన్నింటిలో యురానిల్‌ది ఒకటే తీరు: నడుమ యురేనియం, ఇరువైపులా ఆక్సిజన్, మూడూ గీత గీసినట్లు ఒకే సరళరేఖపై ఉంటాయి. యురేనియంకూ ఆక్సిజన్‌కూ మధ్య దూరం సుమారు 1.8 ఆంగ్‌స్ట్రామ్‌లు మాత్రమే. ఆ రెండు బంధాలను ఆమ్లంలో మరిగించినా తెంపలేము. ఆ నిట్టనిలువు గీతకు అడ్డంగా, నడుము చుట్టూ, నాలుగు నుంచి ఆరు చోట్ల మాత్రం ఇతర అణువులు వచ్చి తగులుకోవచ్చు. అక్కడి బంధాలు పొడవైనవి, 2.3 నుంచి 2.5 ఆంగ్‌స్ట్రామ్‌లు, సులభంగా తగులుకుంటాయి, సులభంగా ఊడుతాయి.

ఎడ్లబండి చక్రం ఎరిగినవారికి దీన్ని బొమ్మ లేకుండానే చెప్పవచ్చు. యురానిల్ ఒక ఇరుసు. నడుము చుట్టూ చేరేవి చక్రపుటాకులు. ఇరుసు మారదు, ఆకులు మారుతూ ఉంటాయి. నీటిలో ఐదు నీటి అణువులు ఐదు ఆకులవుతాయి. నైట్రిక్ ఆమ్లంలో నైట్రేట్లు, గంధకికామ్లంలో సల్ఫేట్లు వస్తాయి. కార్బొనేట్ ఉన్నచోట అది మిగిలినవాటిని త్రోసిపుచ్చి తానే వచ్చి కూర్చుంటుంది. ఒక్కొక్క కార్బొనేట్ రెండు చేతులతో పట్టుకుంటుంది గనుక మూడు కార్బొనేట్లు చేరితే ఆరాకుల చక్రం పూర్తవుతుంది. దీనినే రసాయన శాస్త్రం షట్కోణ ద్విపిరమిడ్ ఆకృతి అంటుంది.

ఆ ఇరుసు నిటారుగానే ఎందుకుండాలి? థోరియం కూడా ఇదే కుటుంబం. ఆక్టినైడ్ల వరుసలో యురేనియంకు రెండు గదుల ముందుంటుంది. వాయురూపంలో ఉన్న థోరియం డయాక్సైడ్ అణువులో యురానిల్‌లో ఉన్నన్ని బంధపు ఎలక్ట్రానులే ఉన్నాయి. కాని అది సుమారు 120 డిగ్రీల కోణంలో వంగి ఉంటుంది. థోరియం ప్రధానంగా డి కక్ష్యలతో బంధం కలుపుతుంది. ఆ కక్ష్యలకు వంపు అనుకూలం. యురేనియంలో 5ఎఫ్ కక్ష్యలు క్రిందికి దిగి బంధంలో పాలుపంచుకుంటాయి. వాటికి సరళరేఖ అనుకూలం. 1980లో తత్సుమి, హాఫ్‌మన్ ఈ తేడాను లెక్కకట్టి వివరించారు. 1944లో గ్లెన్ సీబోర్గ్ ఆక్టినైడ్లను ఆవర్తన పట్టికలో విడదీసి ప్రత్యేక వరుసగా పెట్టాలన్నప్పుడు ఆయన ఆధారపడినదీ ఈ 5ఎఫ్ ఎలక్ట్రానుల మీదనే.

థోరియం ప్రస్తావన వచ్చింది గనుక ఒక పక్కమాట. మా బాల్యంలో పెళ్లి ఊరేగింపులలో పెట్రోమాక్స్ దీపాలు ఉండేవి. వాటి మాంటిల్‌లో మండి వెలుగునిచ్చినది థోరియం ఆక్సైడే. అది యురేనియం వలె ఇరుసుగా మారి నీటిలో కరగదు. మూత్రపిండాన్ని వెతుక్కుంటూ పోదు. ఆ కరగనితనాన్నే భద్రత అనుకొని 1930 ప్రాంతం నుంచి ఎక్స్‌రే చిత్రాల కోసం 'థోరోట్రాస్ట్' పేరిట దానిని రోగుల రక్తనాళాలలోకి ఎక్కించారు. పోర్చుగల్ వైద్యుడు ఈగాస్ మోనిజ్ మెదడు రక్తనాళాల చిత్రాలకు దాన్ని వాడాడు. చిత్రాలు అద్భుతంగా వచ్చాయి. కరగని ఆ కణాలు మాత్రం కాలేయంలోనూ ప్లీహంలోనూ జీవితాంతం నిలిచిపోయాయి. ఇరవై ముప్పయి ఏళ్ల తరువాత కాలేయ క్యాన్సర్లు బయటపడ్డాయి. ఒకే కుటుంబంలోని ఇద్దరన్నదమ్ములలో ఒకరు కరిగి మూత్రపిండాన్ని చెరిస్తే, మరొకరు కరగక కాలేయాన్ని చెరిచారన్నమాట.

యురేనియం దారిని వివరంగా పరిశీలించిన అవసరం బాంబు తయారీతో వచ్చింది. మన్‌హాటన్ ప్రాజెక్టులో వేలమంది కార్మికులు యురేనియం లవణాల ధూళిలో పనిచేశారు. రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో కార్ల్ వోగ్ట్‌లిన్, హెరాల్డ్ హాడ్జ్ బృందం జంతువులపై విస్తారంగా ప్రయోగాలు చేసి 1949 నుంచి బృహత్ గ్రంథాలుగా ప్రకటించింది. వారు తేల్చినదాని సారం ఇది: నీటిలో కరిగే యురానిల్ లవణాలు మూత్రపిండానికి తీవ్ర విషాలు, కరగని యురేనియం డయాక్సైడ్ ఆ విధంగా విషం కాదు. లోహం ఒకటే. బంధం మారింది, విషం మారింది.

ఆ రోచెస్టర్‌లోనే 1946, 1947 సంవత్సరాలలో ఆరుగురు రోగులకు యురేనియం లవణాన్ని సూదిద్వారా ఎక్కించారు. మూత్రపిండంలో గాయం కనబడే కనిష్ఠ మోతాదు ఎంతో తెలుసుకోవడమే దాని ఉద్దేశం. ఆ రోగులకు దానివల్ల ఒనగూడే మేలేమీ లేదు. అమెరికా ప్రభుత్వం నియమించిన విచారణ సంఘం 1995లో ఈ వివరాలను నివేదికలో పెట్టింది. ఈనాడు మనం వల్లించే అంకెలలో కొన్నింటి వెనుక వారి శరీరాలున్నాయి. వైద్యుడిగా ఆ భాగం చదివిన ప్రతిసారీ నాకు తల వంగుతుంది.

శరీరంలో జరిగేది ఇప్పుడు తేలికగా అర్థమవుతుంది. మింగిన యురేనియంలో రక్తంలోకి చేరేది నూటికి ఒకటి రెండు పాళ్లే. రక్తంలో బైకార్బొనేట్ సమృద్ధిగా ఉంటుంది గనుక యురానిల్ ఇరుసుకు వెంటనే కార్బొనేట్ ఆకులు తగులుకుంటాయి. ఆ చక్రం చిన్నది, నీటిలో కరుగుతుంది. మూత్రపిండపు వడపోతలోంచి సునాయాసంగా దిగుతుంది. అంతవరకు ప్రమాదం లేదు. కాని వడపోత దిగువనున్న సమీప నాళికకు ఒక విధి ఉంది: వడకట్టిన బైకార్బొనేట్‌లో ఎనభై శాతానికి పైగా తిరిగి పీల్చుకోవడం. అంటే అది చక్రం నుంచి ఆకులను పెరికివేస్తుంది. ద్రవం ఆమ్లగుణం వైపు జరుగుతుంది. ఆకులూడిన ఇరుసు ఎదురుగా ఉన్న నాళిక కణాల గోడలోని ఫాస్ఫేట్లకు అతుక్కుంటుంది. కణం చస్తుంది. మూత్రపిండం తన ధర్మాన్ని తాను నిర్వర్తించడం వల్లనే గాయపడుతోంది. లెకాంట్ కుక్కల మూత్రంలో చక్కెర కారినది కూడా సరిగ్గా ఈ చోటునుంచే.

యురేనియం లవణాలు పొరపాటున శరీరంలో చేరిన కార్మికులకు వైద్యులు సోడియం బైకార్బొనేట్ ఎక్కించడం ఈ జ్ఞానం నుంచే వచ్చింది. మూత్రాన్ని క్షారంగా ఉంచితే ఆకులు ఊడవు. ఇరుసు అతుక్కోకుండా బయటకు పోతుంది. ప్లుటోనియంకు ఈ ఉపాయం చాలదు. అది శరీరంలో ఇనుము వేషం వేసుకొని ఎముకలోనూ కాలేయంలోనూ చేరుతుంది. దాన్ని ఎనిమిది చేతులతో చుట్టుకొని బయటకు లాగే డీటీపీఏ అనే మందు ఉంది. దాని లవణాలను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లో ఆమోదించింది.

ఇక మన నేలకు వద్దాం. 1971లో హైదరాబాదులో అణు ఇంధన సముదాయం ఏర్పడింది. దేశపు అణు విద్యుత్ కేంద్రాలకు కావలసిన ఇంధనం అక్కడ తయారవుతుంది. ముడి యురేనియంను నైట్రిక్ ఆమ్లంలో కరిగించి, ట్రైబ్యూటైల్ ఫాస్ఫేట్ కలిపిన నూనెవంటి ద్రావణంతో చిలుకుతారు. యురానిల్ ఇరుసుకు రెండు నైట్రేట్లు, రెండు ఫాస్ఫేట్ అణువులు ఆకులై తగులుకుంటాయి. ఆ చక్రం నీటిని విడిచి నూనెలోకి దూకుతుంది, మలినాలు నీటిలో మిగిలిపోతాయి. చివరకు ఇరుసునే తొలగించి యురేనియంను డయాక్సైడ్‌గా క్షయకరణం చేసి బిళ్లలుగా కాలుస్తారు. ఆ స్ఫటికంలో ప్రతి యురేనియం చుట్టూ ఎనిమిది ఆక్సిజన్లు ఒక ఘనపు మూలల్లో కూర్చుంటాయి. అది నీటిలో దాదాపు కరగదు.

కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లెలో కథ వేరు. ఝార్ఖండ్‌లోని జాదుగూడలో ఖనిజాన్ని గంధకికామ్లంతో కరిగిస్తారు. తుమ్మలపల్లె ఖనిజం డోలమైట్ సున్నపురాతిలో ఉంది. సున్నపు గచ్చుమీద నిమ్మరసం పడితే ఏమవుతుందో ఇంటింటా తెలుసు. పోసిన ఆమ్లమంతా ఆ రాయికే ఖర్చవుతుంది. అందువల్ల అక్కడ సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్ ద్రావణంలో, ఆక్సిజన్ పంపుతూ, పీడనంతో వేడిచేస్తారు. కరగని యురేనియం యురానిల్‌గా మారి, మూడు కార్బొనేట్లను తగిలించుకొని రాతినుంచి విడివడుతుంది. 2012లో పని మొదలుపెట్టిన ఆ కర్మాగారం ఈ క్షార పద్ధతిలో దేశంలో మొదటిది. మన రక్తంలో జరిగేదీ, అక్కడి భారీ పాత్రలలో జరిగేదీ ఒకే చర్య. ఆ వ్యర్థాల చెరువు చుట్టుపక్కల గ్రామాల రైతులు తమ బోరునీరు, పంటలు పాడయ్యాయని ఏళ్ల తరబడి ఫిర్యాదు చేస్తున్నారు. సంస్థ ఆ ఆరోపణలను కాదంటోంది. నల్లమలలో యురేనియం అన్వేషణను వ్యతిరేకిస్తూ ఉద్యమం రాగా, 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తవ్వకాలు వద్దని తీర్మానించింది. ఈ వాదాలలో నాకొక్కటే కోరిక: నీటి పరీక్షలు ఉభయపక్షాలకూ సమ్మతమైన ప్రయోగశాలలో జరగాలి, అంకెలు గ్రామ పంచాయతీ గోడమీద ఉండాలి. రేడియో ధార్మికతను మాత్రమే కొలిచి ఊరుకోకూడదు. సహజ యురేనియంలో దాదాపు అంతటినీ ఆక్రమించిన రకానికి అర్ధాయువు సుమారు 450 కోట్ల సంవత్సరాలు. అది చాలా నెమ్మదిగా వికిరణం వెదజల్లుతుంది. నీటిద్వారా చేరినప్పుడు దానికంటె ముందు రసాయనమే పనిచేస్తుంది.

గని లేని ఊళ్లలోనూ బోరునీటిలో యురేనియం ఉండవచ్చు. గ్రానైటు రాతిలో టన్నుకు మూడు నుంచి ఐదు గ్రాములు సహజంగానే ఉంటుంది. నీటిలో బైకార్బొనేట్ ఎక్కువైతే, ఆక్సిజన్ అందితే, అదే చక్రం తయారై నీటిలోకి దిగుతుంది. 2018లో డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రాజస్థాన్, గుజరాత్ బావులలో అధిక యురేనియంకు ఇటువంటి కారణాలనే చూపారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక పరిమితి 1998లో లీటరుకు 2 మైక్రోగ్రాములు, 2004లో 15, 2011లో 30. మరిగిస్తే యురేనియం పోదు. నీరు ఆవిరై మిగిలినదాని గాఢత పెరుగుతుంది. ఆర్ఓ యంత్రం తొలగిస్తుంది. యురేనియం ఉన్న బావినీటిని త్రాగినవారిని ఫిన్లాండ్‌లో పరిశీలించి, 2002లో ప్రకటించిన ఫలితాలలో సమీప నాళిక పనిలో స్వల్ప మార్పులు కనబడ్డాయి. వడపోత మాత్రం దెబ్బతిన్నట్లు తేలలేదు.

మరి బొగ్గు? అత్యధిక బొగ్గులలో యురేనియం టన్నుకు ఒకటి నుంచి నాలుగు గ్రాములు. తుమ్మలపల్లె ఖనిజంలో అది సుమారు 400 గ్రాములు. పాతిక కోట్ల ఏళ్లకు పైబడిన కాలంలో, కుళ్లుతున్న వృక్షరాశి మీదుగా ప్రవహించిన నీటిలోని యురానిల్‌ను ఆ సేంద్రియ పదార్థం పట్టి, ఆక్సిజన్ లాగివేసి, ఇరుసును విరిచి కరగని రూపంలో బంధించింది. బొగ్గు ఒక విధంగా యురేనియంకు చెరసాల. కాల్చినప్పుడు కార్బన్ పోయి బూడిదలో దాని సాంద్రత రెండు మూడింతలవుతుంది. అయినా దానిలో అధికభాగం ఆ వేడికి కరిగి గట్టిపడిన గాజువంటి రేణువులలో చిక్కుకొని ఉంటుంది. నీటిలోకి సులభంగా రాదు. బూడిదకు భయపడవలసిన ప్రధాన అవయవం ఊపిరితిత్తి. ఆ సన్నని ధూళి, అందులోని సిలికా గురించి మరొకసారి వ్రాస్తాను.

మా మిత్రుడికి ఇదంతా చెప్పలేదు. ఇరుసు, చక్రం వరకు చెప్పాను. సింగరేణిలో చేరకముందు వాళ్ల ఇంట బండి ఉండేదట, వెంటనే పట్టుకున్నాడు. తరువాత మూత్రపరీక్ష చూశాను. రక్తంలో చక్కెర 240, మూత్రంలో చక్కెర, అల్బుమిన్ రెండూ ఉన్నాయి. రక్తం మామూలుగా ఉండి మూత్రంలో మాత్రమే చక్కెర ఉంటే అది నాళిక గాయమేమో అని ఆలోచించేవాణ్ణి. ఇక్కడ ఆ అవసరం లేదు. వాడే మందులు తెమ్మంటే ప్లాస్టిక్ సంచీ తెచ్చాడు. అందులో ఏడేళ్ల నాటి షుగరు బిళ్లల చీటీ ఉంది, ఆ బిళ్లలు లేవు. మోకాళ్ల నొప్పికి మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న డైక్లోఫినాక్ పట్టీలు నాలుగున్నాయి. రోజుకు రెండు చొప్పున, మూడేళ్లుగా. రక్తపోటు 170/100.

నొప్పి బిళ్లలు ఆ రోజే ఆపించి, నెఫ్రాలజిస్టుకు ఉత్తరం వ్రాసి ఇచ్చాను. సంచీ మడిచి జేబులో పెట్టుకుంటూ, "అయినా బోరునీళ్లు ఒకపారి పరీక్షకు పంపిద్దామా సారూ?" అన్నాడు. పంపుదామన్నాను. శుభ్రమైన సీసాలో, ఉదయం మోటారు వేసి పది నిమిషాలు నీరు పోనిచ్చిన తరువాత పట్టమన్నాను.